యానాది పిల్లలు సెంటరుకు రావాలంటే

అమ్మాయీ,

అత్తగారి ఊళ్లోనే అంగన్‌వాడీ టీచర్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. గిరిజన కాలనీలోని యానాది పిల్లల పేర్లు రిజిస్టరులో ఉన్నా మనుషులు రావడం లేదని, ఏం చెయ్యాలని అడిగావు కదా. మీ ఆయా అన్నట్టు "వాళ్ళంతేలే, రారు" అని మాత్రం వదిలెయ్యకు. ఊళ్లో మిగతావాళ్ళు గుడ్లు, పాలు రెండు రోజులు ఆలస్యమైతే వచ్చి నిలదీస్తారు. యానాది తల్లి అడగదు. నిజానికి ఆ గుడ్డు అందరికంటే ఆవిడ బిడ్డకే అవసరం.

అడగకపోవడానికి కారణాలున్నాయి. బ్రిటిష్ కాలంలో, పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసే నేరస్థ జాతుల చట్టం పేరుతో యానాదులని పోలీసుల నిఘాలో ఉంచారు. యానాదుల కోసం పనిచేసిన మన నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు ఆ చట్టం పోవాలని ఎంతో పోరాడారు. చట్టం పోయినా, పుస్తకం పట్టుకుని పేర్లు రాసుకునే మనిషంటే ముసలివాళ్ళలో జంకు పోలేదు. అందుకే మొదటిసారి కాలనీకి వెళ్ళేటప్పుడు రిజిస్టరు ఇంట్లో పెట్టి వెళ్ళు. సాయంత్రం పొయ్యి వెలిగించే వేళకు వెళ్ళు. పొద్దున వెళ్తే ఎవరూ ఉండరు. కొందరు రొయ్యల గుంటల కాపలాకు పోయి గట్టు మీద గుడిసెలోనే ఉంటారు, కొందరు కాలవల్లో చేపలకు, కోతలప్పుడు పొలాల్లో ఎలుకలకు పోతారు. పిల్లలూ వెంటే. మన టైము వాళ్ళ పనికి కుదరదు, అంతే. దాన్ని నిర్లక్ష్యం అనకు.

తల్లి సెంటరుకు వచ్చినప్పుడు ఎక్కడ నిలబడుతుందో చూడు. గడప బయటే ఉండి, బిడ్డను మాత్రం లోపలికి తోస్తుంది. "లోపలికి రామ్మా" అని ఒకసారి అంటే సరిపోదు, నువ్వే లేచి వెళ్ళి చాప మీద పక్కన కూర్చోబెట్టు. భోజనాలప్పుడు వాళ్ళ బిడ్డ పళ్ళెం ఏ మూలకు జరుగుతోందో కూడా కనిపెట్టి ఉండు. ఊరి తల్లి ఎవరైనా "మా వాడి పక్కన వద్దు" అంటే అక్కడికక్కడే, అందరి ముందూ, కుదరదని చెప్పు. అక్కడ మెత్తబడితే రేపటినుంచి కాలనీ పిల్లలు రారు.

బిడ్డకు ఆధార్ లేదని తిప్పి పంపకు తల్లీ. తల్లి ఆధార్‌తో పోషణ్ ట్రాకర్‌లో, అదే మన అంగన్‌వాడీ యాప్‌లో, ఎక్కించొచ్చు. కాన్పు ఇంట్లోనే అయ్యి జనన ధ్రువీకరణ లేకపోతే ఊరి నర్సు ఏఎన్ఎంను, గ్రామ సచివాలయాన్ని వెంటపడి రాయించు. అక్కడ పని కాకపోతే నెల్లూరులో యానాదుల కోసమే ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసు ఉంది. పనికోసం వేరే ఊరు పోయే గర్భిణి ఉంటే ట్రాకర్‌లో ఆ ఊరి సెంటరుకు మార్చు, తల్లీబిడ్డ కార్డు ఆవిడ చేతికే ఇచ్చి పంపు, అక్కడి టీచర్‌కు ఫోన్ చేసి చెప్పు. ఈ ఫోన్ చాలామంది చెయ్యరు. అక్కడే రేషన్లు, టీకాలు తెగిపోతాయి.

బరువులు తీసే రోజు వాళ్ళని రమ్మనకుండా, తూకం మిషన్ నువ్వే కాలనీకి తీసుకెళ్ళు. కాలనీలో అందరూ మాట వినే పెద్దావిడ ఒకరు తప్పకుండా ఉంటారు. ఆవిడ మనవడినో మనవరాలినో ముందు తూచు. అదయ్యాక నాకు ఫోన్ చెయ్యి, బరువు మరీ తక్కువై ఎర్రగీతలో ఎవరున్నారో చూసి, వాళ్ళ సంగతి మాట్లాడుకుందాం.

మీ పెద్దమ్మ