బ్లూస్ పాటలన్నీ ఒకేలా వినిపిస్తుంటే ఆన్‌లైన్ రేడియో ఉపయోగపడుతుందా?

ఆఫ్రికన్ అమెరికన్ల సంగీతమైన బ్లూస్ ఒక్కటే ప్రసారం చేసే ఆన్‌లైన్ రేడియో కొత్తవారికి పనికివస్తుందా, లేక యాప్‌లో పాటల జాబితా పెట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు. కొన్ని వారాలుగా వింటున్నా అన్నీ ఒకే పాటలా వినిపిస్తున్నాయని కూడా రాశారు. ఆరేళ్లుగా అటువంటి ఒక స్టేషన్‌ను దాదాపు ప్రతి రాత్రీ వింటున్న అనుభవంతో చెబుతున్నాను: రేడియోనే వినండి, అయితే పాటకూ పాటకూ నడుమ మాట్లాడే మనిషి ఉన్న స్టేషన్‌ను ఎంచుకోండి.

అన్నీ ఒకేలా వినిపించడం మీ చెవి లోపం కాదు. బ్లూస్‌లో చాలా పాటలు పన్నెండు బార్ల (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తనం లాంటి కొలత) చట్రంలోనే నడుస్తాయి. మొదటి నాలుగు బార్లు ఆధార కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద, తర్వాతి రెండు నాలుగో స్వరం మీద కట్టిన కార్డ్ మీద, మళ్లీ రెండు ఆధారం మీద సాగి, చివరి నాలుగింటిలో ఐదో కార్డ్‌కు ఎక్కి, నాలుగోదాని మీదుగా మొదటికి దిగివస్తాయి. సాహిత్యానికీ ఒక కట్టుబాటు ఉంది: ఒక పాదం పాడి, దాన్నే మరోసారి పాడి, మూడో పాదంలో దానికి జవాబు చెబుతారు. చట్రం అందరిదీ ఒకటే కనుక తేడా అంతా పాడే మనిషిలో ఉంటుంది. గాంధారాన్నే తీసుకోండి. బ్లూస్ గాయకులు దాన్ని తరచుగా సాధారణ గాంధారం దగ్గరా నిలపరు, అంతర గాంధారం దగ్గరా నిలపరు. రెండింటి మధ్య ఎక్కడో పట్టుకుని వంచుతారు, ఆ చోటు ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటుంది. ఇంత సన్నని తేడా చెవికి అందాలంటే ఒకరి పక్కన మరొకరిని పెట్టి వినాలి, ఆ పని తెలిసినవారు చేసిపెట్టాలి.

మొదటి రెండు నెలలూ నేను రేడియోను పనుల మధ్య ఊరికే మోగనిచ్చాను. విసుగుపుట్టి మానేద్దామనుకుంటున్న రోజుల్లో, ఒక రాత్రి వ్యాఖ్యాత బ్లూస్ గాయకుడు, గిటారిస్టు మడ్డీ వాటర్స్ రికార్డులు రెండింటిని వెంటవెంటనే వేశారు. మొదటిది ‘ఐ బీజ్ ట్రబుల్డ్’. మిసిసిపీలోని స్టోవాల్ ప్లాంటేషన్‌లో ఆయన ఇంకా ట్రాక్టర్ నడుపుతున్న కాలంలో, 1941లో, జానపద సంగీతం సేకరించే అలన్ లోమాక్స్, జాన్ వర్క్ వచ్చి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం దాన్ని రికార్డు చేశారు. రెండోది 1948లో షికాగోలో చేసిన ‘ఐ కాంట్ బీ శాటిస్‌ఫైడ్’. పేర్లు వేరైనా పాట ఒక్కటేనని, తీగ మీద స్లైడ్ (వేలికి తొడుక్కుని తీగ మీద జార్చే గొట్టం) ఎక్కడ జారుతుందో గమనించమని మాత్రమే చెప్పి వ్యాఖ్యాత ఆగిపోయారు. చేతిలో పని పక్కన పెట్టి విన్నాను. మొదటిదానిలో గిటార్ చెక్క మోగుతున్న సంగతి తెలుస్తోంది. స్లైడ్ గొంతు వెనకే నడిచి, పాదం ముగిసిన చోట మిగిలిన మాటను తాను పూర్తి చేస్తోంది. రెండోదానిలో అదే జారుడు ఆంప్లిఫైయర్ గుండా వచ్చి మరింత పదునెక్కింది, పక్కన బిగ్ క్రాఫర్డ్ డబుల్ బేస్ తీగను లాగి వదిలినప్పుడల్లా అది చెక్కకు తగిలి టప్పుమంటోంది. 1943లో షికాగో చేరిన మనిషికి, కిక్కిరిసిన క్లబ్బుల రొదలో మామూలు గిటార్ వినిపించక ఎలక్ట్రిక్ గిటార్ ఎందుకు అవసరమైందో ఆ ఆరు నిమిషాల్లో నాకు బోధపడింది. పేర్లు వేరైన ఈ రెండు పాటలను పక్కపక్కన పెట్టుకోవాలని నా అంతట నాకు ఎన్నటికీ తోచేది కాదు.

నిజానికి ఈ సంగీతానికి రేడియో కొత్త చుట్టం కాదు. ఆర్కన్సాలోని హెలెనాలో కె.ఎఫ్.ఎఫ్.ఎ. స్టేషన్ 1941 నవంబరులో ‘కింగ్ బిస్కెట్ టైమ్’ మొదలుపెట్టినప్పుడు, ఒక పిండి కంపెనీ ప్రకటనల మధ్య సన్నీ బాయ్ విలియమ్సన్ మౌతార్గాన్, రాబర్ట్ లాక్‌వుడ్ గిటార్ ప్రత్యక్షంగా వినిపించేవి. మెంఫిస్‌లోని డబ్ల్యూ.డి.ఐ.ఎ.లో పాటలు వేసే వ్యాఖ్యాతగా పనిచేసిన బ్లూస్ గిటారిస్టు రైలీ కింగ్‌కు అక్కడ అతుక్కున్న ముద్దుపేరే కుదించుకుపోయి బి.బి. కింగ్ అయింది. మాట్లాడే మనిషి ఉన్న స్టేషన్ అని నేను పట్టుపట్టడానికి ఈ చరిత్ర కూడా ఒక కారణం.

స్టేషన్‌ను ఎలా గుర్తించాలంటే, ఒక గంట వినండి. పాట అయ్యాక ఏ సంవత్సరంలో, ఏ ఊళ్లో రికార్డు చేశారో, పక్కన ఎవరు వాయించారో చెబితే అది మీకు పనికివచ్చే స్టేషన్. పేర్లు కూడా చెప్పకుండా పాటలు తిరుగుతూనే ఉంటే, అది యాప్‌లోని జాబితాకు ఏమాత్రం భిన్నం కాదు. కనీసం సెకనుకు 128 కిలోబిట్ల స్ట్రీమ్‌ను ఎంచుకోండి. గంటకు సుమారు 58 మెగాబైట్ల డేటా ఖర్చవుతుంది. నేను మొదట్లో డేటా ఆదా చేద్దామని 32 కిలోబిట్ల స్ట్రీమ్ పెట్టుకుని చాలా నష్టపోయాను. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల్లో సహజంగా ఉండే గరగర శబ్దాన్ని తక్కువ కిలోబిట్లలో కుదించడం కష్టం. అది పాటలోకి పాకి, గొంతులోని వంపులను మింగేస్తుంది. ఆ రికార్డులు దాదాపు అన్నీ మోనోలోనే (కుడి ఎడమల తేడా లేని ఒకే ధ్వనిగా) ఉంటాయి కాబట్టి ఖరీదైన స్పీకర్ల జత అవసరం లేదు, ఒక్కటి చాలు.

నెల రోజుల పాటు ఒకే వ్యాఖ్యాత కార్యక్రమాన్ని, వేరే పని పెట్టుకోకుండా వినండి. పేరు చెప్పకముందే పాడేది ఎవరో ఊహించి, కాగితం మీద రాసుకోండి. నాకు మొట్టమొదట పట్టుబడినవారు జాన్ లీ హుకర్. పైన చెప్పిన పన్నెండు బార్లను ఆయన చాలాసార్లు లెక్కచేయరు. ఒకే కార్డ్ మీద నిలబడి, నేల మీద కాలితో తాళం వేస్తూ పాట మొత్తం నడిపించేస్తారు. ఆ కాలి చప్పుడు వినబడగానే మీరూ పేరు రాసేస్తారు.