పాఠకుల ప్రశ్నలు: తెల్లతనం మీద పరిశోధన, నెల్లూరు అద్దె ఇళ్ళు

ప్రశ్న: ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. అమెరికాలో నల్లవాళ్ళ ఇబ్బందులనే కాక తెల్లతనాన్ని కూడా పరిశోధిస్తారని మా సార్ చెప్పారు. ఆ పద్ధతిలో నెల్లూరు అద్దె ఇళ్ళ మీద ప్రాజెక్టు చేయొచ్చా?
– ఒక విద్యార్థిని, కావలి

జవాబు: చేయొచ్చమ్మా. ముందు అక్కడి సంగతి. తెల్లతనమంటే ఒంటి రంగు ఒక్కటే కాదు. 1790 చట్టం వలస వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకే పౌరసత్వం అంది. జపాన్‌లో పుట్టిన టకావో ఒజావా కేసులో, 1922లో, సుప్రీంకోర్టు రంగు చాలదు, కాకేసియన్ (యూరప్ వాళ్ళతో పాటు కొందరు భారతీయులనూ కలిపి అప్పటి పండితులు చెప్పిన జాతి) అయి ఉండాలంది. మూడు నెలలకే భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ తాను కాకేసియన్‌నే అంటే, మామూలు జనం ఎవరిని తెల్లవాడంటారో అదే లెక్క అని కొట్టేసింది. ఆయన తరఫున చెప్పుకున్నది 'పై కులం హిందువు' అని! సముద్రం దాటినా కులమే అక్కరకొస్తుందనుకున్నారు.

ఇక మీ ప్రాజెక్టు. తెల్లతనం చోట మీరు చూడాల్సింది పై కులాలకు దక్కే వెసులుబాటు. ఆ కుటుంబాలను 'కులం వల్ల మీకు లాభం కలిగిందా' అని అడగొద్దు. 'మా ఇంట్లో ఆ పట్టింపుల్లేవండీ' అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. జరిగింది అడగండి: ఈ ఇల్లు ఎవరి ద్వారా తెలిసింది? ఎన్ని ఇళ్ళు తిరిగారు? అడ్వాన్సు ఎన్ని నెలలది? 'మీరేమిట్లు' అని అడిగారా? నీచు వండుతారా అన్నారా? ఇవే ప్రశ్నలు దళిత, ముస్లిం కుటుంబాలనూ అడగాలి. ఎదురుకాని అడ్డంకిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. పక్కన ఇంకొకరి జవాబు పెడితేనే అది బయటపడుతుంది. గుంపుకు పదిమంది చాలు. గంట రికార్డింగ్ రాసుకోవడానికి ఐదారు గంటలు పడుతుంది, చూసుకోండి.

టు లెట్ బోర్డులకు ఫోన్ చేసి చూడాలనుంటే, ఒకే ఉద్యోగం, ఒకే కుటుంబం చెప్పి ఇంటిపేరు మాత్రమే మార్చండి. ఎవరు ముందు చేయాలో చీటీలు వేయండి. ఎప్పుడూ ఒకే పేరు రెండోదైతే, 'ఇచ్చేశామండీ' అన్నది నిజమో సాకో తేలదు. మాట అబద్ధమే కాబట్టి గైడ్ అనుమతి కాగితం మీద తీసుకోండి. ఇల్లు మీకోసం ఆపి ఉంచనివ్వకండి.

రాసేటప్పుడు పేరు మారిస్తే సరిపోదు. వీధి, ఉద్యోగం, ఇంటిపేరు కలిస్తే మనిషి దొరికిపోతాడు. పైగా కులం నలుపు తెలుపుల్లా రెండు గడులు కాదు, అంబేడ్కర్ చెప్పినట్టు మెట్ల వరస. పట్టికలో 'అగ్రకులాలు' అని ఒకే గడి పెడితే మధ్య మెట్లన్నీ మాయమవుతాయి.

ప్రశ్న: తెల్లవాళ్ళలోనూ పేదలున్నారుగా, వాళ్ళకేం ఒరిగింది?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: కూలి తక్కువే. కానీ పార్కుల్లో ప్రవేశం, మంచి బడులు, పోలీసుల్లో తమవాళ్ళు ఉండడం, ఇవి ఆ కూలికి పైన దక్కేవని 1935లోనే నల్లజాతి సామాజికవేత్త డుబోయిస్ రాశాడు. సోషియాలజిస్టు డెవా పేజర్ అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఉద్యోగాలకు మనుషులను పంపి చూసి, 2003లో ప్రచురించిన ఫలితం: జైలు రికార్డున్న తెల్లవాళ్ళకు 17 శాతం చోట్ల పిలుపు వచ్చింది, ఏ రికార్డూ లేని నల్లవాళ్ళకు 14 శాతం.