నెట్ లేని ఊళ్ళో కెమెరా పనిచేస్తుందా?

(ఇంట్లో వాడే కరెంటు సామాన్ల మీద పాఠకుల ప్రశ్నలకు, విజయనగరం గంటస్తంభం దగ్గర ముప్పయ్యేళ్ళుగా రిపేరు షాపు నడుపుతున్న మెకానిక్ జవాబులు)

ప్రశ్న: మాది ఉద్దానంలో కవిటి దగ్గర పల్లె. టీచరుగా రిటైరయ్యాను. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం. సావిడిలో జీడిపిక్కల బస్తాలు, దొడ్లో కొబ్బరికాయల రాశి ఉంటాయి. పోయిన సీజన్‌లో రెండు బస్తాలు మాయమయ్యాయి. కెమెరా పెట్టిద్దామని టౌన్‌లో షాపుకి వెళ్తే, 'నెట్ లేకపోతే కెమెరా ఏటి పనిచేస్తాదమ్మా, సిమ్ము కెమెరా తీసుకో' అన్నాడు. మా ఇంట్లో ఫోన్ మాట్లాడాలంటేనే మేడ మెట్ల మీదకి వెళ్ళాలి. నెట్ లేకుండా రికార్డయ్యే కెమెరా ఉందా? ఏది కొనమంటారు?
– ఒక రిటైర్డ్ టీచర్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: టీచరమ్మగారూ, ఉంది. ఇంటింటికీ నెట్ రాకముందే బ్యాంకుల్లో, బంగారం కొట్లలో కెమెరాలు ఉన్నాయి కదా, అవన్నీ దేనితో పనిచేశాయి? కెమెరా చూస్తుంది, తీగ మోస్తుంది, ఇంట్లో ఉన్న పెట్టె దాచుకుంటుంది. ఆ పెట్టెనే డీవీఆర్ అంటాం. అందులో హార్డ్ డిస్క్ ఉంటుంది. మీ పాత టీవీకి హెచ్‌డీఎంఐ సాకెట్ ఉంటే దానికే తగిలించి చూసుకోవచ్చు. ఇందులో ఎక్కడా నెట్ పని లేదు. నెట్ కావాల్సింది మీ అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్‌లో మీ గుమ్మం చూడటానికి, దొంగ రాగానే ఫోన్ మోగటానికి. ఆ రెండూ మీకు దొరకవు. అది ముందే తెలుసుకుని కొంటే తర్వాత బాధ ఉండదు.

సిమ్ము కెమెరా చెడ్డదని కాదు. సిగ్నల్ లేనిచోట అది కూడా లోపలి మెమరీ కార్డులో రికార్డు చేసుకుంటూ కూర్చోవడమే. ఆ మాత్రానికి దానికి నెలనెలా రీచార్జి ఎందుకు?

'మరి కార్డు వేసే చిన్న వైఫై కెమెరా చవక కదా' అని ఎవరైనా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నా షాపు వసారాలో అదే పెట్టుకున్నాను. దానికి నెట్ ఇచ్చే డాంగిల్ రీచార్జి అయిపోతే, కార్డులో ఎలాగూ రికార్డవుతోంది కదా అని మళ్ళీ వేయించలేదు. ఆ ఏడు సిరిమానోత్సవం రోజు షాపు కట్టేసి పైడితల్లమ్మ దర్శనానికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి వసారాలో ఉండాల్సిన ఇన్వర్టర్ బ్యాటరీ లేదు. కార్డు తీసి కంప్యూటర్‌లో పెడితే మనిషి అద్దంలో కనిపించినట్టు కనిపించాడు. తలకి తువ్వాలు, ఎడమ కాలు కాస్త ఈడుస్తున్నాడు, బ్యాటరీని సైకిల్ క్యారేజీ మీద పెట్టి తాడుతో రెండు చుట్లు కట్టాడు. అంత బాగా పడింది బొమ్మ. మూలన చూస్తే తేదీ 01-01-1970, టైము పొద్దున్న ఐదున్నర దాటి కొన్ని నిమిషాలు! స్టేషన్‌లో ఎస్సైగారు చూసి, 'గురువుగారూ, అప్పటికి నేను పుట్టలేదండి' అన్నారు.

సంగతేమిటంటే, ఇలాంటి చిన్న కెమెరాలు చాలావాటిలో సొంత గడియారానికి బ్యాటరీ ఉండదు. నెట్ ఉన్నంతకాలం టైము నెట్ నుంచి తెచ్చుకుంటాయి. నెట్ లేనప్పుడు కరెంటు పోయి వస్తే మళ్ళీ మొదటికి, అంటే 1970 జనవరి 1కి వెళ్ళిపోతాయి. లండన్ లెక్కలో అది అర్ధరాత్రి, మన లెక్కలో ఐదున్నర. కొన్ని 2000కి వెళ్తాయి. ఆ రోజు మా వీధిలో కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వచ్చిందో ఎవరికి గుర్తుంది? బ్యాటరీ దొరకలేదు. ముప్పయ్యేళ్ళుగా ఊరందరి గడియారాలూ సరిచేసినవాణ్ణి, నా కెమెరాలో గడియారం చూసుకోలేదు.

అందుకే మీకు డీవీఆర్ చెబుతున్నాను. దాని బోర్డు మీద రూపాయి బిళ్ళంత బటన్ సెల్ ఉంటుంది. కరెంటు పోయినా టైము నడుస్తూనే ఉంటుంది. ఆ సెల్ కూడా కొన్నేళ్ళకి అయిపోతుంది. నెలకోసారి టీవీ పెట్టి తెర మీద టైమునీ మీ గోడ గడియారాన్నీ సరిచూసుకోండి. ఐదు నిమిషాలు తేడా ఉంటే దిద్దుకోండి.

మీకు మూడు కెమెరాలు సరిపోతాయి. వీధరుగు మీదకి ఒకటి, దొడ్డి వాకిట్లో ఒకటి, సావిడిలో బస్తాలు కనిపించేలా ఒకటి. నాలుగు కెమెరాల డీవీఆర్ తీసుకుంటే ఒకటి ఖాళీగా మిగులుతుంది, ఉండనివ్వండి. 2 మెగాపిక్సెల్ కెమెరా చాలు. పెట్టె మీద '20 మీటర్ల నైట్ విజన్' అని రాసి ఉంటుంది. 20 మీటర్ల దూరంలో మనిషి వచ్చాడని తెలుస్తుంది కానీ వాడెవడో తెలియదు. ముఖం పోల్చుకోవాలంటే 3.6 ఎంఎం లెన్సుతో నాలుగైదు మీటర్లలోపు ఉండాలి. కాబట్టి కెమెరాని కొబ్బరితోటంతా కనిపించేలా మేడ మీద ఎత్తున పెట్టనివ్వకండి. మనిషి తప్పనిసరిగా దాటాల్సిన చోట, దొడ్డి తలుపు దగ్గర, ఎనిమిది అడుగుల ఎత్తులో పెట్టించండి. ఎత్తున పెడితే తల మీద తువ్వాలు తప్ప ఏమీ పడదు. దొడ్డివైపు కెమెరాలో పక్కింటివాళ్ళ నుయ్యి, స్నానాల చోటు పడకుండా చూసుకోండి. తిప్పడానికి వీల్లేకపోతే, డీవీఆర్‌లో ఆ భాగాన్ని నల్లగా కప్పేసే వీలుంటుంది, కప్పించండి.

డిస్క్ ఎంత అని అడుగుతారు. హెచ్.265 (వీడియోని కుదించి దాచే పద్ధతి) అని రాసి ఉన్న డీవీఆర్ తీసుకుంటే ఒక్కో కెమెరా రోజుకి సుమారు 11 జీబీ తింటుంది. మూడింటికి 33 అనుకోండి. 1 టీబీ, అంటే సుమారు వెయ్యి జీబీ డిస్క్ నాలుగు వారాలు వస్తుంది. నిండాక పాతది చెరిపి కొత్తది రాసుకుంటుంది. ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే నిండిన రోజున ఆగిపోతుంది. పాత కంప్యూటర్‌లోంచి తీసిన డిస్క్ వేస్తామంటే వద్దనండి. రాత్రీ పగలూ రాస్తూనే ఉండటానికి చేసిన డిస్కులు వేరే ఉన్నాయి. సీగేట్‌లో స్కైహాక్, వెస్టర్న్ డిజిటల్‌లో పర్పుల్ అంటారు. బిల్లు మీద ఆ పేరు రాయించుకోండి.

'కదలిక ఉన్నప్పుడే రికార్డు' అనే సెట్టింగ్ పెడతామంటారు, డిస్క్ ఆదా అని. మీ దొడ్లో కొబ్బరి మట్టలు గాలికి ఊగని క్షణం ఉంటుందా? మట్ట ఊగినప్పుడల్లా రికార్డు మొదలవుతుంది, అసలు మనిషి వచ్చినప్పుడు మొదటి రెండు సెకన్లు ఒక్కోసారి పోతాయి. ఇరవై నాలుగు గంటలూ రికార్డు పెట్టించేయండి.

ఇక కరెంటు. డీవీఆర్, మూడు కెమెరాలు కలిపి రాత్రిపూట 30 వాట్లు దాటవు. అంటే మూడు చిన్న ఎల్‌ఈడీ బల్బుల ఖర్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైన్ మీదే కలపమనండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మీ పలాస వైపే తీరం దాటింది కదా. అప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ టవర్లూ లేవు. అలాంటి రోజుల్లో ఏ కెమెరా అయినా ఒకటే, అది వేరే లెక్క. నేను చెప్పేది మామూలు రోజుల్లో రాత్రి రెండు గంటల కోత సంగతి. పిడుగులు పడే సాయంత్రం మాత్రం ఇన్వర్టర్ ఉందని ఊరుకోకండి. ఉరుములు మొదలవకముందే డీవీఆర్ ప్లగ్గూ, కెమెరా తీగలూ పీకేయండి. దొడ్లోకి వెళ్ళిన పొడుగు తీగ పిడుగుని ఇంట్లోకి పిలుస్తుంది. కొబ్బరిచెట్టుకి కెమెరా కట్టమని మీ తోటమాలి సలహా ఇస్తాడేమో, ఈ కారణంగానే వద్దు. చెట్టు ఊగితే బొమ్మ కూడా ఊగుతుంది.

మీది సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి తీగల జాయింట్లు ఏడాదిలో పచ్చబడి బొమ్మ గీతలు పడుతుంది. ప్రతి జాయింటూ ప్లాస్టిక్ బాక్సులో ఉండాలి, స్క్రూలు స్టీలువి వేయించాలి. ఇంకొకటి, ఎవరూ చెప్పరు. రాత్రి ఎర్రలైట్లు వెలిగే కెమెరా చుట్టూ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది. లెన్సు ముందు ఒక్క పోగు అల్లిందంటే రాత్రి తెరంతా తెల్లటి పాములా మెరుస్తుంది, వెనకున్న మనిషి కనిపించడు. ఆదివారం ఆదివారం బూజుకర్రతో ఒకసారి తుడవండి.

డీవీఆర్‌ని టీవీ కింద పెడతారు అందరూ. దొంగకి కూడా అది తెలుసు. పెట్టె ఎత్తుకుపోతే మీ నాలుగు వారాల రికార్డూ వాడి సంచిలోనే. నెట్ ఉన్నవాళ్ళకి వేరేచోట కాపీ ఉండొచ్చు, మీకు ఉండదు. అటక మీద, గాలి తగిలేచోట, పాత సామాన్ల వెనక పెట్టించండి. బీరువాలో వద్దు, వేడెక్కి డిస్క్ పాడవుతుంది. నేనైతే చచ్చిపోయిన డీవీఆర్ ఒకదాన్ని టీవీ కింద ఉంచాను, రెండు తీగలు తగిలించి మరీ. ఎత్తుకెళ్ళేవాడు దాన్ని ఎత్తుకెళ్తాడు.

ఏదైనా జరిగితే టీవీ తెరని ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి. పెన్‌డ్రైవ్‌లో ఆ గంట రికార్డు కాపీ తీయించండి. నాలుగు వారాలు దాటితే చెరిగిపోతుందని గుర్తుంచుకోండి. డీవీఆర్‌ని కదపకండి. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డుకి ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అది ఎలా రాయాలో స్టేషన్‌లో చెబుతారు. ఇంతకుముందు పాత సాక్ష్య చట్టంలో 65-బి అనేవారు, దాని స్థానంలో వచ్చిందే ఇది.

రేట్లు నేను రాయను, నెలనెలా మారుతుంటాయి. డీవీఆర్, డిస్క్, కెమెరాలు, తీగ, పని, అన్నీ విడివిడిగా బిల్లు వేయమనండి. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకి ప్రభుత్వ భద్రతా పరీక్షలు పాసవడం తప్పనిసరి. 'ఎస్‌టీక్యూసీ (ఆ పరీక్షల సర్టిఫికెట్) ఉందా బాబూ' అని ఒక మాట అడగండి. పాత సరుకు అంటగట్టే ఆలోచన ఉంటే ఆ మాటతో తగ్గుతాడు. డబ్బులిచ్చేముందు బిగించిన కుర్రాడి ఎదుటే మెయిన్, ఇన్వర్టర్ రెండూ కట్టేసి, పది నిమిషాలు టీ ఇచ్చి కూర్చోబెట్టి, మళ్ళీ వేయమనండి. టైము సరిగ్గా ఉందా, దానంతట అదే రికార్డు మొదలయిందా, ఈ రెండూ చూశాకే డబ్బులు. పాస్‌వర్డ్ మీరే పెట్టి, కాగితం మీద రాసి బ్యాంకు పాస్‌బుక్కులో దాచండి. ఆ కుర్రాడు పెట్టిన పాస్‌వర్డ్ ఆ కుర్రాడితోనే ఊరు దాటిపోతుంది.

అబ్బాయికి టెన్షన్ వద్దని చెప్పండి. రేపు మీ ఊరికి ఫైబర్ వస్తే ఇదే డీవీఆర్ వెనక సాకెట్‌లో నెట్ తీగ పెడితే హైదరాబాద్ నుంచి చూసుకోవచ్చు. ఈలోగా దొడ్లో మనిషి కదిలితే వెలిగే సెన్సార్ లైటు ఒకటి వేయించండి. కెమెరా దొంగని ఆపదు, పట్టిస్తుందంతే. లైటు కొంతమందిని ఆపుతుంది.

ప్రశ్న: విజయనగరంలో అద్దెకుంటున్నాం. ఇంటాయన గోడకి మేకు కొట్టనివ్వరు. నెట్ లేదు, ఫోన్‌లో డేటానే. పగలు ఇల్లు తాళం. కార్డు కెమెరా పెట్టుకోవచ్చా?

జవాబు: మీకు పెట్టుకోవచ్చు, పైన చెప్పిన టైము చిక్కు తెలుసుకుని. బిగించేటప్పుడు ఒకసారి నెట్ కావాలి. ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి మీ ఫోన్‌తో సెట్ చేయండి. ఇవి చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటాయి, హాట్‌స్పాట్‌ని దానికి మార్చండి. తర్వాత నెట్ తీసేసినా కార్డులో రికార్డవుతుందో లేదో షాపులోనే తేల్చుకోండి, కొన్ని ఆగిపోతాయి. 'ఏపీ మోడ్' ఉన్నది దొరికితే మేలు. కెమెరా తన సొంత వైఫై ఇస్తుంది, ఫోన్ కలపగానే చూడొచ్చు, చాలావాటిలో టైము కూడా ఫోన్ నుంచి తీసుకుంటుంది. కార్డు 'హై ఎండ్యూరెన్స్' (ఆగకుండా రాసినా తట్టుకునే) రకం 128 జీబీ, సుమారు పది రోజులు వస్తుంది. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్లకి వాడే చిన్న యూపీఎస్ దొరుకుతుంది. కెమెరా ఎన్ని వోల్టులదో చూసి దానికి సరిపడేదే కొనండి. బీరువా మీద పెట్టి గుమ్మం వైపు తిప్పండి, మేకుతో పని లేదు. పండక్కి ఊరెళ్తుంటే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ సంగతి స్టేషన్‌లో అడగండి. తాళం వేసిన ఇంటికి వాళ్ళ కెమెరా పెట్టి చూసే ఏర్పాటు అది.

ప్రశ్న: ఉత్తుత్తి కెమెరా, అదే డమ్మీ, గోడకి తగిలిస్తే దొంగలు భయపడతారా? – బొబ్బిలి నుంచి

జవాబు: చాలావాటికి తీగ ఉండదు, పట్టపగలు ఎర్రలైటు టిక్కుటిక్కుమని వెలుగుతుంది. అసలు కెమెరాలు చాలావరకు అలా వెలగవు. దొంగ కంటే ముందు మీ వీధి పిల్లలకి తెలిసిపోతుంది. మా వీధిలో ఒకాయన పెట్టుకున్నదానికి మూడో రోజే క్రికెట్ బంతి తగిలి కిందపడింది. లోపల రెండు పెన్సిల్ సెల్లులు తప్ప ఏమీ లేవు.