మాలగా వెళ్తున్న మా మేనకోడలికి, అక్కడ బయట తినే సంగతులు

అమ్మలూ,

ఆగస్టులో స్పెయిన్‌లో మాలగా వెళ్తున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు, నువ్వూ అల్లుడూ పిల్లలిద్దరూ వెళ్తూ మీ అత్తగార్ని కూడా తీసుకెళ్తున్నావంట, టిక్కెట్లు, ఇల్లు, కారు అన్నీ నువ్వే చూసుకున్నావంట. విన్నప్పట్నుంచి నాకు ఒకటే సంతోషం, ముల్లు తీసి పెడితే గానీ చేప ముట్టని పిల్లవి, ఇవాళ ఇంతమందిని వెంటేసుకుని సముద్రం ఒడ్డుకి బయల్దేరుతున్నావు. కానీ రాత్రి పడుకుంటే నిద్ర పట్టలా. మీ మామయ్య ఉద్యోగం అక్కడున్నన్నాళ్లూ ఆ ఊళ్లోనే కాపురం చేశాం కదా, ఆ తీరంలో బయట తినడం ఎంత బావుంటుందో నాకు తెలుసు, నీచు ముట్టని పెద్దావిడతోనూ ఒకచోట నిలబడని చంటాడితోనూ వెళ్తే ఎక్కడ తేడా కొడుతుందో కూడా తెలుసు. అందుకే ఇంత రాస్తున్నా, మొత్తం చదువు, ఎప్పట్లా పైపైన చూసి బొటనవేలు బొమ్మ పెట్టి వదిలెయ్యకు.

ముందు టైం సంగతి. అక్కడ మధ్యాహ్నం భోజనం ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా, రాత్రి భోజనం ఎనిమిదిన్నర తర్వాతే, జనం నిండేది తొమ్మిదిన్నరకి. మధ్యలో చాలా చోట్ల వంటిల్లు మూసేస్తారు, సాయంత్రం ఆరింటికి పిల్లాడు ఆకలని ఏడుస్తుంటే కాఫీ, చిరుతిళ్లు తప్ప భోజనం దొరకదు. రోజంతా వండే హోటళ్లు బీచ్ రోడ్డు మీద ఉంటాయి, బయట ఫోటోల బోర్డులు పెట్టి పిలుస్తుంటారు, మరీ తప్పకపోతే వెళ్లు. నా మాట విని మధ్యాహ్నమే పెద్ద భోజనం పెట్టుకో, సరిగ్గా ఒంటిగంటన్నరకి తలుపు తీసేసరికి అక్కడుండు. అప్పుడు టేబుళ్లు ఖాళీ, వెయిటర్‌కి తీరిక, నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగినా విసుక్కోడు. వారం మధ్యలో అయితే మెనూ దెల్ దియా అని ఉంటుంది, మొదట ఒకటి, తర్వాత ఒకటి, బ్రెడ్డు, తాగడానికి ఏదో ఒకటి, చివర్లో తీపో కాఫీయో, అన్నీ కలిపి ఒకటే రేటు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం బుక్ చెయ్యకుండా వెళ్లకు, ఊరంతా కుటుంబాలతో బయటే తింటుంది.

ఆదివారం అంటే నానమ్మ వచ్చినప్పటి సంగతి రాయాలి, నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. తాతయ్య పోయాక ఆవిడ నీచు మానేసింది కదా. నువ్వప్పుడు ఇంటర్ పరీక్షలని రాలేదు, మీ నాన్న ఒక్కడే ఆవిణ్ణి తీసుకుని మా ఇంటికొచ్చాడు. ఆ ఆదివారం నేను వండుతానన్నా వినలా, అమ్మకి సముద్రం చూపిస్తూ నేనే భోజనం పెట్టిస్తానని పట్టుబట్టాడు, ఊరవతల ఒడ్డునే ఉన్న హోటల్‌కి తీసుకెళ్లాడు. వెళ్లేసరికి మూడు. ఎండాకాలం ఆదివారం మూడింటికి అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు, మీ మామయ్యా నేనూ పార్కింగ్ వెతుక్కుంటూ వెనకపడ్డాం, వాళ్లిద్దరూ ముందెళ్లి కూచున్నారు. మీ నాన్న పరిగెడుతున్న వెయిటర్ని ఆపి ఫోన్లో చూసుకుని ‘సిన్ కార్నే’ అన్నాడు, మాంసం లేకుండా అని. అతను తలూపాడు. మెనూలో క్రోకెతాస్ కసేరాస్ అని ఉంది, ఇంట్లో చేసినట్టు చేసినవని తప్ప లోపలేముందో రాయలేదు, ఆ తలూపు చూసి మీ నాన్న అవే చెప్పేశాడు. మన ఆలూ బోండాలే కాస్త కోలగా చేసినట్టుంటాయి అవి, ఎవరికైనా చూడగానే నమ్మకం కలుగుతుంది.

మేం వచ్చేసరికి నానమ్మ ఒకటి సగం తినేసింది, బావుందే, పళ్లు లేకపోయినా తినొచ్చు అంటోంది. మిగిలిన సగం చేతిలో ఉంది, తెల్లటి ముద్దలో గులాబీరంగు ముక్కలు, గోరులో సగం కూడా లేవు. ఆవిడ ఒకదాన్ని చిటికెన వేలితో పక్కకి జరిపి ఇదేంటే అని నన్నడిగింది. అది హమోన్, పంది తొడకి ఉప్పుపట్టించి ఆరబెట్టింది. నాకు నోట మాట రాలా, మీ నాన్న నా మొహం చూసే అర్థం చేసుకున్నాడు. లేచి వెయిటర్ మీద అరిచాడు, ఆ అబ్బాయికి ఏం తప్పు జరిగిందో కూడా తెలీలా, మీరు మాంసం వద్దన్నారు, ఇది రుచికి వేసిన కాస్త హమోనే కదా అంటున్నాడు. అక్కడ చాలామందికి కార్నే అంటే ప్లేట్లో కనపడే పెద్ద ముక్కే, హమోన్ లెక్కలోకి రాదు. పాపం లోపలికెళ్లి పుచ్చకాయ ముక్కలు తెచ్చి ఊరికే పెట్టాడు. నానమ్మ ఎవర్నీ ఒక్క మాట అన్లేదమ్మా, బాటిల్లో నీళ్లతో నోరు పుక్కిలించి వచ్చి, నువ్వు తినరా, పొద్దున్నుంచి ఏం తిన్లేదు అంది మీ నాన్నతో. ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ బయట మంచినీళ్లు తప్ప ముట్టలా, గ్రనాదా వెళ్లిన రోజు కూడా డబ్బాలో పెరుగన్నం. మీ నాన్న ఇప్పటికీ ఆ మాట ఎత్తడు, నువ్వూ ఎత్తకు, వాడు చాలా బాధపడ్డాడు.

కాబట్టి మీ అత్తగారి విషయంలో శాకాహారం, మాంసం వద్దు అని ఒక్క మాటతో వదిలెయ్యొద్దు. హమోన్, అతూన్, గాంబాస్, కాల్దో, ఈ నాలుగూ విడివిడిగా పేరు పెట్టి అడుగు. అతూన్ అంటే ట్యూనా చేప, మామూలు ఎన్సలాదా మిక్స్తా అని సలాడ్ చెప్తే పైన అది వేసే తెస్తారు. గాంబాస్ రొయ్యలు. కాల్దో అంటే ఏదైనా ఉడకబెట్టగా మిగిలిన రసం, కూరగాయల పాయెయా (పాయెయా అంటే మన పులావులాంటి అన్నం) అని రాసున్నా బియ్యం ఉడికింది చేపల నీళ్లలోనో కోడి నీళ్లలోనో అయ్యుండొచ్చు. మెనూలో అలర్జీ గుర్తులుంటాయి కదా అంటావేమో, యూరప్ రూల్ ప్రకారం 2014 చివర్నుంచి పద్నాలుగు రకాల వాటి గురించి చెప్పి తీరాలి, అందులో చేపా ఉంది రొయ్యా ఉంది, పంది మాంసం మాత్రం లేదు, ఎందుకంటే అది అలర్జీ లెక్కలోది కాదు. ఆ బొమ్మలు చూసి ధైర్యపడకు. ఇంకోటి, వేయించే నూనె. సముద్రం ఒడ్డు హోటళ్లలో చేపలు వేయించిన నూనెలోనే వంకాయ కూడా వేస్తారు, వేరే నూనె ఉందా అని అడిగాకే చెప్పు. ఉందంటే మాత్రం బెరెన్హేనాస్ కోన్ మియెల్ తప్పకుండా తినిపించు, సన్నటి వంకాయ ముక్కలు కరకరలాడేలా వేయించి పైన చెరుకు పాకం పోస్తారు, అదే తీరంలో నెర్హా అనే ఊరి పక్కన ఫ్రిహిలియానాలో ఇప్పటికీ ఆ పాకం తీసే మిల్లుంది.

ఆవిడకి నిశ్చింతగా పెట్టగలిగేవి గస్పాచో అనే చల్లటి టమాటా సూపు, అహోబ్లాంకో. రెండోది బాదం, వెల్లుల్లి, బ్రెడ్డు కలిపి రుబ్బిన చల్లటి సూపు, పైన ద్రాక్షపళ్లు వేస్తారు. సల్మొరెహో అని చిక్కటి టమాటా సూపుంది, అది వేరు, దాని మీద హమోన్, గుడ్డు చల్లుతారు. గుడ్డు తింటారేమో ముందే కనుక్కో, తింటే తోర్తియా, అంటే బంగాళదుంపల ఆమ్లెట్ ఉంది, కానీ దాన్లోనూ కొన్నిచోట్ల ఏవేవో కలుపుతారు, అడుగు. సాయంత్రం అయిదూ ఆరు మధ్య అందరూ చుర్రోలు తినండి, నూనెలో వేయించిన పొడుగు పిండి కడ్డీలవి, పిండీ నీళ్లూ ఉప్పే, చుర్రోల కొట్లో నూనె కూడా సాధారణంగా వాటికే. అతరసానాస్ మార్కెట్ దగ్గర కాసా అరాందా అని ఉంది, 1932 నాటిది. ఆవిడకి పాలెక్కువ కాఫీ ఇష్టమైతే నూబె అని చెప్పు, మాలగాలో అలాగే అడుగుతారు.

ఇక చిన్నోడు. నాకు అసలు భయం వాడి గురించే. పెద్రెగలేహో, ఎల్ పాలో బీచ్‌ల్లో చిరింగీతోలు, అంటే ఇసక మీద హోటళ్లు, వాటి ముందు పాత పడవలో ఇసక నింపి నిప్పులేసి, సార్డీన్ చేపల్ని వెదురులాంటి పుల్లకి గుచ్చి ఏటవాలుగా పాతి కాలుస్తారు. ఎస్పెతో అంటారు. ఆ పడవ సరిగ్గా పిల్లల ఎత్తుకుంటుంది, నిప్పు ఎదురుగానే కనపడుతుంది, చెయ్యి పట్టుకుని చూపించు, ఒంటరిగా అటు వదలకు. టేబుల్ కూడా నీళ్లకి దగ్గరగా అడగొద్దు, ఫోటోలకి బావుంటుందని నువ్వు అదే అడుగుతావు, నాకు తెలుసు. పెద్దది చేప తింటుంది కదా, దానికి చేత్తోనే తినమని చెప్పు. 1885లో స్పెయిన్ రాజు పన్నెండో అల్ఫోన్సో ఎల్ పాలో వచ్చి ఫోర్కు చాకు తీస్తే, కాల్చేవాడు అలా కాదు, వేళ్లతో అని చెప్పాడని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముల్లు మాత్రం నువ్వు తీసిపెట్టు. సార్డీన్ మే నుంచి ఆగస్టు దాకా కొవ్వు పట్టి రుచిగా ఉంటుంది, మీరు వెళ్లేది మంచి టైమే. పెద్ద చేప కిలో లెక్కన ఇస్తారు, ముందు తూకం, రేటు అడిగి చెప్పు.

నెర్హాలో ఒక రోజు పెట్టుకో. పొద్దున గుహలు చూసి మధ్యాహ్నం బుర్రియానా బీచ్‌లో ఆయో అనే హోటల్ దగ్గరికి వెళ్లండి, పెద్ద పెద్ద మూకుళ్లలో కట్టెల మీద పాయెయా వండుతుంటారు, పిల్లలు కదలకుండా చూస్తారు, ఇంకోసారి అడిగినా పెడతారు. 1959లో ఆ గుహలు కనిపెట్టింది కుర్రాళ్లే, ఈ సంగతి పెద్దదానికి ముందే చెప్పు, ఎగిరి గంతేస్తుంది. ఆ పాయెయాలో కోడీ రొయ్యలూ ఉంటాయి, మీ అత్తగారికి ఆ రోజు పొద్దున్నే ఇంట్లో పులిహోర కలిపి పెట్టుకో, ఆవిడ ఆకలితో కూచుని మిమ్మల్ని చూడకూడదు.

చిన్న చిన్నవి. పిల్లల మెనూ అంటే బంగాళదుంప వేపుడూ నగ్గెట్లే, బదులు మేదియా రసియోన్ అని సగం ప్లేట్లు చెప్పుకుని అందరూ పంచుకోండి. చంటాడి ఎత్తు కుర్చీని త్రోనా అంటారు. 2022 చట్టం ప్రకారం కుళాయి నీళ్లు ఊరికే ఇవ్వాలి, అడుగు, బాటిల్ కొనక్కర్లేదు. సిగరెట్ లోపల నిషేధం కానీ బయట టేబుళ్ల దగ్గర తాగుతారు, గాలి చూసుకుని కూచో. బిల్లు అడిగితేనే ఇస్తారు, పొమ్మని ఎవరూ అనరు. కార్లు రాని ప్లాజాలో, అంటే ఊరి మధ్య ఖాళీ చోటులో, పక్కన ఉయ్యాల ఉన్నచోట చూస్కో, వాళ్ల పిల్లలు రాత్రి పదకొండింటికి కూడా ఆడుతుంటారు, మన వాళ్లనీ కలిపేసుకుంటారు. టేబుల్ దగ్గర ఫోన్ చేతికివ్వకు వాడికి.

మీ అత్తగారి నంబర్ పంపు. నేనే ఆవిడతో మాట్లాడి గుడ్డు సంగతి, వెల్లుల్లి సంగతి కనుక్కుంటా, నువ్వు అడిగితే మొహమాటానికి ఏదైనా పర్లేదమ్మా అంటారు. కనుక్కున్నాక వెయిటర్‌కి చూపించడానికి స్పానిష్‌లో నాలుగు లైన్లు రాసి పంపిస్తా, ప్రింట్ తీసి పర్సులో పెట్టుకో, బీచ్‌లో ఫోన్ చార్జింగ్ అయిపోతుంది నీకు.

మీ అత్త