పాత ఎక్స్‌కవేటర్ కొన్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నీవు సొంతంగా పాత ఎక్స్‌కవేటర్ కొన్నావని మీ అమ్మ చెప్పగానే ఛాతీ ఉప్పొంగింది. రెండు రోజులకొకసారి రేడియేటర్‌లో కూలెంట్ (ఇంజనును చల్లబరిచే, మందు కలిపిన నీళ్లు) లీటరు దాకా పోయవలసి వస్తోందనీ, కింద మాత్రం చుక్క కూడా కనబడటం లేదనీ అన్నప్పటినుంచి నిద్ర పట్టడం లేదు.

ఇంజను వేడిగా ఉండగా మూత తీయకూడదని నీకు తెలుసు. ఎన్ని గంటల పనికి ఎంత పోశావో అవర్ మీటరు చూసి రాసిపెట్టు. హోసులు, క్లాంపులు, వాటర్ పంప్ అడుగున ఉండే చిన్న రంధ్రం టార్చి వేసి చూడు. వేడి ఇనుము మీద పడిన కూలెంట్ ఆవిరైపోయి ఎండిన మరకను మిగులుస్తుంది కనుక, తడి కోసం కాక ఆ మరక కోసం వెతుకు. తరువాత ప్రెజర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసిన ఒత్తిడికి మించకుండా గాలి కొట్టి, ముల్లు దిగుతుందేమో గమనించు. కొన్ని క్లాంపులు చల్లగా ఉన్నప్పుడే కారి, వేడెక్కితే మూసుకుంటాయి.

ముల్లు దిగుతూ, బయట మరక లేదంటే జబ్బు లోపల ఉందన్నమాట. నా భయమంతా అక్కడే.

నీ వయసులో నా చేతికి వచ్చిన లోడర్ కూడా ఇలాగే తాగేది. నెల రోజులు ఎవరికీ చెప్పకుండా ప్రతి ఉదయం మామూలు నీళ్లు పోశాను. ఇంజను హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుందని ఎవరో అంటే, ఏ పరీక్షా చేయకుండా హెడ్ దించి గ్యాస్కెట్ మార్చాను. నాలుగు రోజులు తగ్గినట్టే అనిపించింది. ఐదో రోజు ఉదయం సెల్ఫ్ కొట్టగానే ‘ధన్’మని శబ్దం వచ్చి ఇంజను బిగుసుకుపోయింది. బ్యాటరీ దిగిపోయిందనుకొని, ఇంకో బ్యాటరీ జోడించి మళ్లీ కొట్టాను. ఆ రెండో దెబ్బే నా తప్పు. మూడో లైనరుకు, అంటే పిస్టన్ ఆడే గొట్టానికి, పడిన సూదిమొనంత రంధ్రం గుండా రాత్రంతా సిలిండరులోకి కూలెంట్ చేరింది. పిస్టన్ నొక్కితే గాలి నలిగినట్టు నీరు నలగదు. విప్పి తీసిన కనెక్టింగ్ రాడ్ ఒక వైపు నుంచి చూస్తే తిన్నగానే ఉంది. కాస్త తిప్పి చూస్తే నడుము వంగి ఉంది. ఆ లైనరు వెలుపలి గోడ మీద చీమలు తవ్వినట్టు గుంటలు. సిలిండరులో మంట రేగినప్పుడల్లా లైనరు అదురుతుంది, దాని చుట్టూ ఉన్న కూలెంట్‌లో బుడగలు పుట్టి పగులుతూ ఇనుమును తొలుస్తాయి. దాన్ని ఆపేది కూలెంట్‌లో కలిపే మందు. ఆ గుంటలు నాకంటే ముందునుంచే ఉన్నాయి, కాని నీళ్లు పోసి మందును పలుచన చేసింది మాత్రం నేనే.

కోప్పడుతున్నానని అనుకోకు. చిన్నప్పుడు నా టూల్ బాక్సులో స్పానర్లను సైజులవారీగా పేర్చి, ఒకటి తగ్గితే దొరికేదాకా అన్నం తినేవాడివి కావు. ఇప్పుడు ఆ పట్టుదలే కావాలి.

ఒత్తిడి పెట్టి బండిని రాత్రంతా కదలకుండా ఉంచు. ఉదయం ఇంజను అడుగున ఆయిల్ నిలిచే సంపు డ్రెయిన్ ప్లగ్‌ను మెల్లగా వదులు చేస్తే, కూలెంట్ ఆయిల్ కంటే బరువు కనుక ముందుగా అదే వస్తుంది. వస్తే సంపు దించి, ఒత్తిడి అలాగే ఉంచి, కింది నుంచి టార్చి వేసి ఏ లైనరు తడిగా ఉందో చూడు. రేడియేటర్‌లో నూనె తేలుతుంటే, నూనె, కూలెంట్ పక్కపక్కనే పారే ఆయిల్ కూలర్‌ను అనుమానించు. ఇంజను తిరిగేటప్పుడు ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి నూనె ఇటు వస్తుంది, ఆపాక కూలెంట్ అటు పోతుంది. ఇవేవీ కాక పొగ తెల్లగా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ మండే చోటికే చేరుతోందని అర్థం.

ఏ పరీక్ష చేసినా, ఉదయం సెల్ఫ్ జోలికి పోయే ముందు క్రాంక్‌ను (పిస్టన్లను ఆడించే ఇరుసును) బార్‌తో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పు. ఎక్కడైనా అడ్డుపడితే బలం చూపించకు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పి నీళ్లు బయటికి పోనివ్వు. రేపు బార్ సాఫీగా తిరిగిందో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు, ఆ తరువాతే స్టార్ట్ చెయ్యి.

నీ మామయ్య