వాతావరణ సదస్సుకు వెళ్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఫిజిక్స్ మేజర్‌తో బీఎస్సీ రెండో ఏడాది చదువుతోంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పటి నుంచి దానికి వాతావరణం పిచ్చి పట్టుకుంది. పొద్దున లేస్తే శాటిలైట్ బొమ్మలు, రాడార్ బొమ్మలు. ఇప్పుడు విశాఖలో రెండు రోజుల వాతావరణ సదస్సు ఉంది, శాస్త్రవేత్తలే కాకుండా ఆసక్తి ఉన్నవాళ్లు కూడా రావచ్చట, వెళ్తానంటోంది. ఫీజు, ప్రయాణం, బస కలిపితే మాకు కాస్త భారమే. దానివల్ల ఉద్యోగానికి ఏమైనా ఉపయోగం ఉంటుందా? అసలు ఈ చదువుకి భవిష్యత్తు ఉందా? నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: పంపండి. కాకపోతే వెళ్లేముందు అమ్మాయి చేయాల్సిన పని కొంత ఉంది. అది చేయకపోతే ఈసారికి ఆపేసినా నష్టం లేదు.

ముందుగా అది ఎవరు నడుపుతున్న సదస్సో చూడండి. భారత వాతావరణ సొసైటీ 1956 నుంచి ఉంది. ఉష్ణమండల వాతావరణం మీద అది జరిపే జాతీయ సదస్సును అందరూ ట్రాప్‌మెట్ అంటారు, ఒక్కోసారి ఒక్కో ఊళ్లో పెడతారు. ఆ సొసైటీకి విశాఖలోనూ, హైదరాబాద్‌లోనూ శాఖలున్నాయి. ఇలాంటి సంస్థో, యూనివర్సిటీ విభాగమో, వాతావరణ శాఖో వెనక ఉంటే ధైర్యంగా పంపవచ్చు. విద్యార్థులకు ఫీజులో రాయితీ కూడా సాధారణంగా ఉంటుంది. ‘అంతర్జాతీయ సదస్సు’ అని పేరు పెట్టి, క్లైమేట్ నుంచి ఫార్మసీ దాకా అన్నిటినీ ఒకే హోటల్లో కలిపేసి, పేపర్ పంపిన రెండో రోజే ‘మీది ఎంపికైంది, డబ్బు కట్టండి’ అని మెయిల్ పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. అలాంటి దానికి ఒక్క రూపాయి కట్టకండి.

ఇక ఉపయోగం సంగతి. పాల్గొన్నట్టు ఇచ్చే సర్టిఫికెట్‌ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఉపయోగమంతా మనుషుల్ని కలవడంలోనే ఉంది. ఇలాంటి చోట సగం ప్రసంగాలు డిగ్రీ విద్యార్థికి అర్థం కావు. రాడార్ డేటాను వాతావరణాన్ని అంచనా వేసే కంప్యూటర్ మోడల్‌లోకి ఎలా ఎక్కించారు, మోడల్ వానను ఎందుకు ఎక్కువ చూపిస్తోంది వంటి చర్చలే ఎక్కువ నడుస్తాయి. ఆ గంటల్లో తల పట్టుకున్నా ఫర్వాలేదు. టీ విరామంలో పోస్టర్ల దగ్గరకు, అంటే పరిశోధనను ఒక పెద్ద కాగితం మీద వేసి గోడకు పెట్టే చోటికి, వెళ్లమనండి. అక్కడ ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పిల్లలు తమ పని ముందు నిలబడి, అడిగినవాళ్లకల్లా ఓపిగ్గా చెబుతుంటారు. ఏ కోర్సులో ఏం నేర్పుతారో, గైడ్ ఎలాంటివారో, హాస్టల్ ఎలా ఉంటుందో వాళ్లు చెప్పినంత నిజం ఏ ప్రాస్పెక్టస్‌లోనూ దొరకదు.

ఉత్త చేతులతో వెళ్తే మాత్రం పక్కన నిలబడి ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. అందుకే రెండు పనులు చెబుతాను.

మొదటిది చదవడం. మన దగ్గర తుపాను వచ్చిపోయాక వాతావరణ శాఖ ఢిల్లీ కేంద్రం దాని మీద వివరమైన నివేదిక వేస్తుంది. ఎక్కడ పుట్టింది, ఎలా బలపడింది, అంచనా ఎంత తప్పింది అన్నీ ఉంటాయి, ఉచితంగా దొరుకుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ నివేదిక తీసుకుని, అర్థం కాని చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకోమనండి. సదస్సులో అడగాల్సిన ప్రశ్నలు ఆ గీతల దగ్గరే ఉంటాయి.

రెండోది చిన్న లెక్క. దేశాన్ని అక్షాంశ, రేఖాంశాల్లో పావు డిగ్రీ గళ్లుగా విడదీసి, 1901 నుంచి రోజువారీ వర్షపాతాన్ని వాతావరణ శాఖ పుణె కార్యాలయం ఉచితంగా ఇస్తోంది. అందులో విజయవాడ గడిని తీసుకుని, రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటిన వానలు (శాఖ లెక్కలో ‘భారీ వర్షం’ అక్కడి నుంచే మొదలు) దశాబ్దానికి ఎన్ని వచ్చాయో పైథాన్ అనే కోడింగ్ భాషలో లెక్కేయవచ్చు. పైథాన్ రాకపోతే నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. ఒక జాగ్రత్త: బుడమేరు మైలవరం కొండల వైపు నుంచి వస్తుంది. విజయవాడలో పడిన వాన ఒక్కటే చూసి ఆ వరదను వివరించలేం, పైన పడిన వాన, తెగిన గట్లు కూడా లెక్కలోకి రావాలి. అమ్మాయి ఈ సంగతి తనంతట తాను పట్టుకోగలిగితే కాలేజీలో ఫిజిక్స్ మాస్టారిని గైడ్‌గా పెట్టుకుని దాన్నే పోస్టర్‌గా పంపవచ్చు. ఈసారి గడువు దాటిపోయి ఉంటే వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

ఈ లెక్క చెప్పడంలో నాకు ఇంకో ఉద్దేశం ఉంది. మబ్బుల్ని చూడటం ఇష్టమయ్యే పిల్లలు చాలామందే ఉంటారు, మెటియోరాలజీ (వాతావరణ శాస్త్రం) మాత్రం చాలావరకు గణితం. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ద్రవాల కదలిక, థర్మోడైనమిక్స్, పైన కోడింగ్. నెల రోజులు ఆ డేటాతో కుస్తీ పట్టాక కూడా ఉత్సాహం తగ్గకపోతే ఇది వరద చూసి పుట్టిన మోజు కాదని మీకూ తెలుస్తుంది.

చదువు విషయానికొస్తే ఆంధ్రా యూనివర్సిటీలో మెటియోరాలజీ, ఓషనోగ్రఫీ (సముద్ర శాస్త్రం) విభాగం ఉంది. విశాఖ వెళ్లినప్పుడు అదీ చూసి రావచ్చు. హైదరాబాద్ యూనివర్సిటీలో సముద్ర, వాతావరణ శాస్త్రాల్లో ఎమ్మెస్సీ ఉంది, సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. తర్వాత పరిశోధన వైపు వెళ్తే తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, పుణెలో ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం ఉన్నాయి. బయటివాళ్లు వెతుక్కుంటూ వచ్చే సంస్థలు మన దగ్గరే ఉన్నాయన్నమాట.

ఉద్యోగాల్లో మీరు ముందుగా వినేది ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ద్వారా భర్తీ చేసే వాతావరణ శాఖ సైంటిఫిక్ అసిస్టెంట్. 2022లో 990 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఫిజిక్స్ ఉన్న సైన్స్ డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైతే అర్హత, ఇంటర్‌లో గణితం, ఫిజిక్స్ ఉండాలి. కానీ దానికి ముందు నోటిఫికేషన్ 2017లోది. అయిదేళ్లకోసారి తెరిచే తలుపు ముందు కాపలా కాయమని నేను చెప్పను. ప్రైవేటులో ఇప్పుడు గాలి, సోలార్ విద్యుత్తు అంచనాలకు మనుషులు కావాలి. రేపు ఎంత కరెంటు వస్తుందో పావుగంటకొక లెక్కన ప్లాంటువాళ్లు ముందే చెప్పాలి, తప్పితే జరిమానా. కర్నూలు, అనంతపురం సోలార్ పార్కులకు మబ్బు పట్టడమంటే డబ్బు లెక్కే. పంటల బీమా కంపెనీలకూ వాతావరణ డేటా చూసేవాళ్లు కావాలి. జీతాలు సాఫ్ట్‌వేర్‌లాగా మొదటి రోజే ఎగరవు, ఆ మాట దాచడం లేదు. మంచి కోడింగ్ వస్తే ఇది కుదరకపోయినా డేటా ఉద్యోగాల వైపు వెళ్లే దారి మిగులుతుంది.

అమ్మాయి సోషల్ మీడియాలో సొంతంగా వాతావరణ అంచనాలు పెట్టే ‘వెదర్‌మన్‌’లను చూసి తానూ అంచనాలు పెట్టాలనుకుంటోందేమో, అడగండి. తప్పేం లేదు, ఇలా అంచనాలు పెట్టే తిరుపతి సాఫ్ట్‌వేర్ ఇంజినీరు సాయి ప్రణీత్‌ను 2021లో ప్రధాని మన్ కీ బాత్‌లో మెచ్చుకున్నారు. అయితే తుపాను హెచ్చరిక వాతావరణ శాఖ పని. దాన్ని దాటి సొంతంగా ‘రేపు ముంచేస్తుంది’ అని పెట్టవద్దని గట్టిగా చెప్పండి.

ఈసారి డబ్బు కుదరకపోతే గొడవ పెట్టుకోకండి. మార్చి 23 ప్రపంచ వాతావరణ దినం. ఆ రోజు చాలాచోట్ల వాతావరణ శాఖ కార్యాలయాలు జనాన్ని లోపలికి రానిస్తాయి, పరికరాలు చూపిస్తాయి. దగ్గర్లోని కేంద్రానికి ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. కుదిరితే మీరూ వెంట వెళ్లండి, అక్కడ పనిచేసేవాళ్లనే ఉద్యోగం గురించి అడగవచ్చు.