వాగ్దానం కార్డు చేతిలో ఉంది, ఇంట్లో కష్టం తీరలేదు. దేవుని దయ మా మీద ఉన్నట్టా, లేనట్టా?

వందనాలు సిస్టర్. మీవారికి పని పోయింది, పాపకు ఫిట్స్ వస్తున్నాయి. కొత్త సంవత్సరం ఆరాధనలో మీ చేతికొచ్చిన, బైబిల్ వచనం రాసిన వాగ్దానం కార్డు మీద మాత్రం యిర్మీయా 29:11 ఉంది. మీ గురించి నాకున్నవి మేలు చేసే ఆలోచనలే, కీడు చేసేవి కావని దేవుడు చెప్పే వచనం అది. ఇప్పుడు ఆ కార్డు చూస్తే ధైర్యం రావడం లేదని, దేవుని దయ మీ ఇంటిని దాటిపోయిందేమోనని అడిగారు. మీకు విశ్వాసం తక్కువని సంఘంలో ఒకరు అన్నారని, అప్పు చేసైనా పెద్ద కానుక మొక్కుకోమన్నారని కూడా రాశారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. దాటిపోలేదు. మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదిది. కార్డు పక్కన పెట్టి, బైబిల్లో యిర్మీయా 28, 29 అధ్యాయాలు మొత్తం చదవండి. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి పంపిన ఉత్తరంలోది ఆ వచనం. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ఆయన ఉంటాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని, చెరపోయినవాళ్లందరూ తిరిగొచ్చేస్తారని దేవుని మందిరంలో అందరి ముందూ చెప్పాడు. వినడానికి ఎంత బాగుంటుంది! దేవుడు నిన్ను పంపలేదని యిర్మీయా అతని ముఖం మీదే అనేశాడు. ఇక యిర్మీయా ఉత్తరంలో ఉన్న లెక్క 70 ఏళ్లు. అంటే అది చదివించుకుని విన్న పెద్దవాళ్లలో చాలామంది తమ ఊరు మళ్లీ చూడకుండానే కన్ను మూసేవాళ్లే. 11వ వచనానికి సరిగ్గా ముందున్నది ఈ 70 ఏళ్ల మాటే. కార్డు మీద దాన్ని వేయరు. వేస్తే మన సంఘాల్లో చాలామంది ఇంతగా కుంగిపోరని నా నమ్మకం.

అదే ఉత్తరంలో ఇంకో మాట కూడా ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకుని వాటి కాపు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పట్నం బాగు కోసం ప్రార్థించండి అంటాడు. చెర తీరాక చేయమనలేదు, చెరలో ఉండగానే చేయమన్నాడు.

ఈ మాట మాకు పొలంలో అర్థమైంది. మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో కాశీనగర్ వైపు, వంశధార నది ఒడ్డు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. మా చర్చిలో తెలుగు వాక్యం, ఒడియా పాట, కొండ దిగి వచ్చిన సవర అక్కల ప్రార్థన అన్నీ ఒకే ఆరాధనలో వినిపిస్తాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలికి మా ఇంటి పెంకులు లేచిపోయాయి. అదైతే ఎలాగో సర్దుకునేవాళ్లం. కొండల్లో కురిసిన వానకు వంశధార పొంగి, పొట్ట మీదున్న వరిని ముంచేసి, తీసిపోయేటప్పుడు పొలం నిండా ఇసుక మేట వేసి పోయింది. వెళ్లి చూస్తే గట్లే కనపడలేదు. ఎవరి మడి ఎక్కడో తెలియడం లేదు. మా ఆయన పారతో తవ్వితే తెల్లటి ఇసుక కింద నల్లమట్టి తగిలింది. అందులో వరి దుబ్బులు నీళ్లు పారిన వైపుకే వాలి, వెన్ను పట్టబోయే పొట్టలతో అలాగే పడుకుని ఉన్నాయి. ఒక దుబ్బు పీకి చేత్తో పట్టుకుని ఆయన ఆ ఇసుకలోనే కూలబడిపోయారు. నష్టపరిహారం జాబితాలో మా పేరు రాలేదు. పట్టా మామగారి పేరున ఉంది, ఆయన పోయి చాలా ఏళ్లయింది. కాగితాల కోసం తిరిగి తిరిగి విసిగిపోయాం.

ట్రాక్టర్లు పెట్టి ఇసుక తోలించే స్తోమత మాకు లేదు. అప్పుడు మా పాస్టరుగారు ఇంటికొచ్చి ఈ 29వ అధ్యాయమే చదివి, "బబులోనులో కూడా తోట వేసుకోమన్నాడు కదమ్మా దేవుడు" అన్నారు. ఆ మేటలోనే గుంటలు తీసి, గత్తం పోసి, దోస పాదులూ పుచ్చ పాదులూ పెట్టాం. అప్పు తీరలేదు, వరి రావలసినంత డబ్బూ రాలేదు. కానీ ఆ వేసవిలో తిండికీ పిల్లాడి ఫీజుకీ ఎవరి గుమ్మం తొక్కలేదు. నన్నడిగితే అది దేవుని దయే. సాక్ష్యంలో చెప్తే చప్పట్లు పడేంత పెద్ద సంగతి కాదు గానీ, ఆ సంవత్సరం మమ్మల్ని నిలబెట్టింది అదే.

ఆ తర్వాత మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఉపవాస ప్రార్థనలు చేశాం, చాలామంది చేశారు. ఆవిడ లేవలేదు. కరోనా రోజుల్లో, సమాధి దగ్గరికి మనుషులు రావడానికే భయపడే రోజుల్లో పోయారు. కాబట్టి స్వస్థత జరిగిన సాక్ష్యం నా దగ్గర లేదు సిస్టర్. ఉన్నది ఇది. మంచాన పడ్డవాళ్లను పక్కకు తిప్పుతూ ఉండకపోతే వీపు పుండ్లు పడుతుంది. నేనొక్కదాన్నీ తిప్పలేకపోయేదాన్ని. మా పక్కింటి ఒడియా మావుసి (పిన్ని అని పిలుచుకునే ఆవిడ) తులసికోటకు నీళ్లు పోసుకుని, పూజ ముగించుకుని నేరుగా మా ఇంటికి వచ్చేది. దుప్పటి ఆ కొసలు ఆవిడ, ఈ కొసలు నేను పట్టుకుని అత్తగారిని నెమ్మదిగా ఒత్తిగిల్లబెట్టేవాళ్లం. ఎర్రబడ్డ చోట చెమ్మ లేకుండా ఆవిడే మెత్తటి పాత చీర గుడ్డతో అద్దేది. మేము కబురు పెట్టి పిలిచిన రోజు లేదు.

ఆదికాండం 39లో యోసేపు కథ చూడండి. చేయని తప్పుకు చెరసాలలో పడ్డాడు. దేవుడు అతనికి తోడుగా ఉండి, ఆ చెరసాల అధిపతికి అతని మీద కటాక్షం కలిగేలా చేశాడని రాసి ఉంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. అతనితో పాటు చెరలో ఉన్న రాజుగారి పానదాయకుడు విడుదలై వెళ్లి అతన్ని మరిచిపోయాక ఇంకో రెండేళ్లు లోపలే ఉన్నాడు. ఆ ఏళ్లన్నీ దయ లేని ఏళ్లని బైబిల్ ఎక్కడా అనలేదు. ఆ దయ వచ్చింది కూడా యోసేపు దేవుణ్ణి ఎరగని ఒక ఐగుప్తు అధికారి ద్వారా. మా మావుసి గుమ్మంలో కనపడినప్పుడల్లా నాకు ఈ అధ్యాయమే గుర్తొచ్చేది. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అలా వస్తూ ఉంటారు. ఎవరో గమనించండి.

విశ్వాసం తక్కువన్న వాళ్ల మాట నాకు చాలా బాధనిపించింది. తిత్లీ అప్పుడే మా జిల్లాలోని బారాఘరాలో, వానకు ఒక గుహలో తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగిపడి, పిల్లలతో సహా చనిపోయారు. వాళ్లలో ఏ పాపం ఉందని వెతుకుతాం? సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్లకంటే అపరాధులనుకుంటున్నారా అని యేసు ప్రభువు అడిగి, కాదని తానే చెప్పాడు (లూకా 13). మనసు మార్చుకోమని చెప్పింది వింటున్నవాళ్లకు. పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు. ఆయనకు విశ్వాసం తక్కువని ఎవరైనా అనగలరా?

ప్రార్థనలో మంచి మాటలే రావాలని టెన్షన్ పడకండి. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని 13వ కీర్తన మొదలవుతుంది. 88వ కీర్తనైతే చివరి మాట వరకూ చీకటే. అలాంటి ప్రార్థన కూడా దేవుని వాక్యంలో ఉంది. ఏడుపు వస్తే ఏడుస్తూనే చేయండి. నోట మాట రాని రోజు ఆ కీర్తన పైకి చదవండి చాలు.

పాప సంగతి. ప్రార్థన చేశాం కదా, మందు ఆపి విశ్వాసం చూపించండని ఎవరన్నా వినకండి. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ మరీ ఎక్కువగా వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానొద్దు. వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో తాళాలు పెట్టడం వల్ల లాభం లేదు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఆ మాత్ర వేసే ముందు పాప తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయండి. రెండూ కలిసి నడవాలి.

ఇక కానుక. అప్పు చేసి ఇవ్వకండి. దేవాలయం కానుక పెట్టెలో పేద విధవరాలు వేసిన రెండు కాసులు గుర్తు చేస్తారు, నాకు తెలుసు. ఆవిడ తన చేతిలో ఉన్నది వేసింది, ఎవరి దగ్గరా వడ్డీకి తేలేదు. మార్కు 12లో ఆ సంగతికి సరిగ్గా ముందు వచనాల్లోనే, విధవరాండ్ర ఇళ్లు మింగేసే శాస్త్రులను ప్రభువు గద్దించాడు. కలిమి కొద్దీ ఇచ్చిందే దేవునికి ఇష్టమని పౌలు కొరింథువారికి రాశాడు. మీకు పది రూపాయలు ఉంటే పది వేయండి, లేని ఆదివారం ఊరికే వెళ్లి కూర్చోండి. అప్పు తేవాలనుకున్న డబ్బు గురించి మరిచిపోండి, ఇంట్లో ఉన్నది పాప మందులకు పెట్టండి. ఇష్టమైతే పాప పేరు ఒక్కటి రాయండి, ఊరు వివరాలు అక్కర్లేదు. మా బుధవారం కూటంలో తెలుగులోనూ ఒడియాలోనూ ప్రార్థిస్తాం.